జైనాబ్ పొదిగించిన పిల్లలు

జైనాబ్ చేతికి వచ్చిన గుడ్డు మురిగిపోదని బందరులో పేరు. భర్త పోయాక ఆమెకు అదే బతుకుతెరువు. పెద్దబాతు గుడ్లను పొదుగుకొచ్చిన కోళ్ల కింద పెట్టి, రోజూ గోరువెచ్చని నీళ్లు చిలకరించేది. నెల తిరిగేసరికి పసుపుపచ్చని పిల్లలు పెంకు పగలగొట్టుకుని వచ్చేవి.

ఉప్పెన తరవాత దివిసీమలో పాముల భయం ఎక్కువైంది. పెద్దబాతులు ఉంటే పాము గుమ్మం దాకా రాదని జనం నమ్మారు. జైనాబ్ పిల్లల్ని వెదురుబుట్టలో పెట్టుకుని బస్సెక్కేది. హంసలదీవి దాకా వెళ్లి ఇంటింటికీ అమ్మేది. అంతకుముందు ఇచ్చిన పిల్లల్ని కూడా చేతుల్లోకి తీసుకుని, ఎలా ఉన్నాయో చూసి మరీ వచ్చేది.

డెబ్భై తొమ్మిది వానాకాలంలో దివిసీమలోని ధనమ్మ ఇంట్లో మొదలైంది జబ్బు. ఉప్పెనలో ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న మనిషి ఆమె. ఆరు బాతుపిల్లల్ని చీరకొంగులో వేసుకుని తిరిగేది. పదోరోజున అవి మేత మానేశాయి. కాళ్ల కీళ్లు వాచి కూలబడ్డాయి. రెట్ట సున్నపునీళ్లలా తెల్లగా పడింది. మూడు రోజుల్లో నాలుగు చచ్చిపోయాయి.

“నువ్వు పెట్టమన్న ఎండుచేపల పొడే పెట్టాను జైనాబక్కా. ఆ ఉప్పే చంపేసింది,” అంది ధనమ్మ.

జైనాబ్ అందరిచేతా ఆ పొడి మాన్పించింది. వట్టి నూకలే పెట్టమంది. అయినా మరో నాలుగు ఇళ్లలో పిల్లలు పోయాయి. చివరికి చచ్చిన పిల్లల్లో రెంటిని సంచిలో వేసుకుని గుడివాడ పశువుల ఆసుపత్రికి వెళ్లింది.

డాక్టరు గంగాధరరావు ఒకదాన్ని కోశాడు. గుండెమీదా కాలేయంమీదా తెల్లటి పిండి, వెల్ల వేసినట్టు.

“తిన్నది అరిగాక మిగిలే చెత్తని మూత్రపిండాలు బయటికి తోసెయ్యాలమ్మా. ఇవి చెడిపోయాయి. ఆ చెత్త రక్తంలోనే ఉండిపోయి ఇలా పేరుకుంది.”

“ఉప్పు వల్లనాండీ?”

“ఉప్పు మాన్పించాక కూడా పోయాయన్నారుగా. వైరస్ అయ్యుంటుంది. దాని పేరు నాకూ తెలీదు, మందూ లేదు. అన్ని ఇళ్లకీ ఒకే బుట్టలో తీసుకెళ్లారా?”

అవునన్నట్టు తల ఊపి జైనాబ్ తన అరచేతులకేసి చూసుకుంది.

ఇంటికి రాగానే బుట్టలు తగలబెట్టింది. కోళ్ల కింద ఉన్న గుడ్లన్నీ తీసి పెరట్లో గొయ్యి తవ్వి పూడ్చేసింది. కొన్ని గుడ్లలో అప్పటికే పిల్లలు కదులుతున్నాయి. ఆ సంగతి తెలిసే పూడ్చింది. మర్నాడు దివిసీమ వెళ్లి, గుమ్మం బయటే నిలబడి, “నా బుట్టే, నా చేతులే తెచ్చాయేమో ఈ జబ్బుని,” అని ఇల్లిల్లూ చెప్పింది.

ధనమ్మ చివరి పిల్ల ఆ ఉదయమే పోయింది. “ఎందుకు చెప్పావే! ఉప్పే అనుకుంటూ, నీ చేతుల్ని తప్పుపట్టకుండా బతికేదాన్నిగా,” అని తలుపు వేసేసుకుంది.

జైనాబ్ చిలకలపూడిలో రోల్డుగోల్డు గొలుసులకు మెరుగుపెట్టే పనిలో చేరింది. మరుసటి ఏడు గంగాధరరావు బందరు వచ్చినప్పుడు ఆమెను వెతుక్కుంటూ వెళ్లాడు.

“గుడ్డులోనే వచ్చి ఉండొచ్చమ్మా ఆ జబ్బు. మీ చేతుల మీదుగానే పాకిందని ఖాయంగా చెప్పలేం,” అన్నాడు.

“కాదనీ చెప్పలేరుగా డాక్టరుగారూ,” అంది జైనాబ్. ఆయనకు పీట వేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.