మామ ఆట, అత్త బొట్టు

దయ్యాల్ని నమ్మే రకం కాదు నేను. ఇస్నాపూర్‌లో రాత్రి షిఫ్టు చేసే రోజుల్లో తోటివాళ్లు పాత బాయిలర్ గది గురించి ఏవేవో చెబితే, పనిగట్టుకుని అక్కడికే వెళ్లి టీ తాగి వచ్చేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది దయ్యం కథ అవునో కాదో కూడా నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నాకో పిచ్చి ఉంది. చిన్నప్పుడు టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి ఆడుకున్న వీడియో గేమ్ పెట్టె గుర్తుందా? దాని కోసం తయారుచేయడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసిన ఆటల వివరాలు సేకరిస్తుంటాను. ఎవరు చేశారు, ఎంతవరకు వచ్చింది, ఎందుకు ఆగింది అని. క్యాసెట్ దొరికితే అందులోని ఆటను కంప్యూటర్లోకి ఎక్కించి భద్రపరుస్తాను. "సచ్చిన ఆటలకు దినాలు జేస్తున్నవా?" అని మా ఆవిడ ఎగతాళి.

ఊళ్లన్నీ వెతికిన నాకు, అలాంటి ఆట మా అత్త ఇంట్లోనే ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. దీపం కింద చీకటి అంటే ఇదే.

మా మేనమామ పటాన్‌చెరులో ఆ గేమ్ పెట్టెలు బిగించే చిన్న కంపెనీలో పనిచేసేవాడు. ఇంకో మిత్రుడితో కలిసి అక్కడే సొంతంగా ఒక ఆట మొదలుపెట్టాడు. కంపెనీ మూతపడింది, ఆట ఆగిపోయింది. మామ పోయి కూడా చాలా ఏళ్లయింది. ఆ ఆట నమూనాను సంగారెడ్డిలో మా అత్త ఆయన ఫోటో పక్కన పెట్టుకుంది. క్యాసెట్‌కుండే ప్లాస్టిక్ డబ్బా లేని ఉత్త ఆకుపచ్చ సర్క్యూట్ పలక, దాని మీద ఒక చిప్పు.

"నిన్ను అండ్ల బొమ్మ జేసి పెట్టిన అని చెప్పిండు అల్లుడా. నేనైతే ఎన్నడు సూడలే. జెర ఒక్కపారి సూపియ్యి," అంది.

చిప్పును వెలుతురుకు పెట్టి చూశాను. ఆ రకం చిప్పుకు పైన చిన్న గాజు కిటికీ ఉంటుంది. దానికి ఎండ తగులుతూ ఉంటే లోపలి ఆట చెరిగిపోతుంది. అందుకే గాజు మీద స్టిక్కర్ అంటిస్తారు. అత్త చిప్పు మీద స్టిక్కర్ లేదు, కుంకుమ బొట్టు ఉంది.

మామ పనిముట్టు కదా అని ప్రతి దసరాకు ఆమె దానికి పూజ చేసేది. "కాయితం మీద బొట్టు పెడ్తరా ఎవలన్న? గీకేసిన," అంది గర్వంగా. తడిబట్టతో తుడిచి, చాటలో పెట్టి ఎండకు ఆరబెట్టి, అప్పుడు బొట్టు పెట్టేదట. ఏటేటా. ఎంత ప్రేమగా చెరిపేసిందో!

చిట్కుల్‌లో మా ఇంటికి తెచ్చి, చిప్పును చదివే పరికరంలో పెట్టి చూశాను. ఖాళీ. మళ్లీ మళ్లీ చూశాను. ఒక్క ముక్క మిగల్లేదు.

ఇప్పుడు ఆమెకు ఏమని చెప్పాలి? నీ మొగుడు నీ కోసం చేసిన బొమ్మను నీ చేతులతోనే తుడిచేశావు అనా? వారమంతా అన్నం సయించలేదు. అబద్ధం చెబుదామంటే ఆమె ముందు నాకు నోరు రాదు. ఆదివారం మధ్యాహ్నం గేమ్ పెట్టె, పలక పట్టుకుని సంగారెడ్డి వెళ్లాను. తెర మీద ఏమీ రాకపోవడం చూపించి, మెల్లగా నిజం చెప్పేయాలని నా ఆలోచన. అలవాటు కొద్దీ ఫోన్‌లో వీడియో పెట్టి బల్ల మీద నిలబెట్టాను.

స్విచ్ వేశాను. ఆట వచ్చింది.

మట్టిరోడ్డు, పక్కన జొన్నచేను. ఎర్రచీర కట్టిన చిన్న బొమ్మ, చేతిలో టిఫిన్ డబ్బా. అత్త నా చేతిలోని గేమ్ పెట్టె రిమోట్ లాక్కుని, నేను నేర్పకుండానే బొమ్మను నడిపించింది. కుక్కను దాటింది, లారీని దాటింది. చివర కంపెనీ గేటు, అక్కడ స్టూలు మీద కూర్చున్న ఒక మనిషి. బొమ్మ దగ్గరికి రాగానే అతను లేచి డబ్బా అందుకున్నాడు.

"తిను, సల్లారిపోతది," అంది అత్త, టీవీతో.

ఆ తర్వాత తెర బూడిద రంగుకు మారింది. ఎన్నిసార్లు స్విచ్ వేసినా ఆట రాలేదు. అత్త మళ్లీ అడగలేదు కూడా. కొంగుతో కళ్లు తుడుచుకుని నాకు అన్నం పెట్టింది. నిజం చెప్పే పని నాకు తప్పింది.

ఇంటికొచ్చి చూస్తే చిప్పు ఖాళీయే. ఫోన్ వీడియోలో మొదటి నుంచి చివరి దాకా బూడిద రంగు తెరే ఉంది. అత్త మాట మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది.

ఇద్దరం ఆశకొద్దీ ఊహించుకున్నామని సరిపెట్టుకునేవాణ్ణే. కానీ కొన్నాళ్లకు, మామతో కలిసి ఆ ఆట చేసిన యాదగిరి కాక ముత్తంగిలో దొరికాడు. నేను చూసిందేదీ ఆయనకు చెప్పలేదు, ఆట ఎట్లా ఉండేదని మాత్రమే అడిగాను. మట్టిరోడ్డు, ఎర్రచీర, డబ్బా, కుక్క, లారీ అన్నీ ఆయనే చెప్పాడు.

"ఆఖరికి గేటుకాడ మీ మామ కూసోని ఉంటడు," అన్నాడు.

"లేసి డబ్బా తీసుకుంటడు గద కాకా?"

"ఏడ లేసుడు బిడ్డా? గది ఇంక చెయ్యాలె అనుకుంటుండంగనే కంపెనీ బందైంది. మీ మామ కూసున్నోడు కూసున్నట్టే ఉండె."

ఆ లేవడం ఎవరు చేసి పెట్టారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను.

మొన్న దసరాకు అత్త పసుపు, కుంకుమ తీసుకుని కూర్చుంది. పలక తిరిగి ఇచ్చేటప్పుడు, చిప్పు భద్రంగా ఉండాలని నేను అంటించిన కొత్త స్టిక్కర్ వైపు చూసి, నా వైపు చూసింది. దాన్ని నేనే గోటితో గీకి, పలకను చాటలో పెట్టి ఎండలోకి జరిపాను.