సదాశివ పేరున్న సంచీ

మోండా మార్కెట్‌లో స్టీలు సామాన్ల దుకాణం నడిపే సదాశివ యాభై ఏళ్లు వచ్చేదాకా దేనికీ జంకిన మనిషి కాదు. అంతటివాణ్ణి నాలుగేళ్ల కిందట ఒక రక్తదాన శిబిరం పిరికివాణ్ణి చేసి వదిలిపెట్టింది.

ఆ రోజు అతనిచ్చిన రక్తం చూడటానికి ఓ పాజిటివ్‌లాగే ఉండి, ఓ పాజిటివ్‌తో కలిపితే గడ్డలు కట్టింది. ఎర్ర రక్తకణాల మీద పరిశోధన చేస్తున్న డాక్టర్ కల్పలత ఆ సంగతి విని దుకాణానికే వచ్చింది.

"మీ అమ్మానాన్నలది మేనరికమా?" అని అడిగింది.

అవునన్నాడు.

"మీది బాంబే గ్రూపు సదాశివగారూ. అందరి రక్తకణాల మీదా మేకులాంటిది ఒకటి ఉంటది. దానికి తగిలించినదాన్ని బట్టే గ్రూపు పేరు చెప్తం. 'ఓ' గ్రూపుకు ఉత్త మేకు అన్నా ఉంటది. మీకు ఆ మేకు సుత లేదు. మేకున్న రక్తం ఏదెక్కించినా మీ ఒళ్లు దాన్ని బతకనియ్యదు. అది మీ ప్రాణానికే ముప్పు."

"మరి నాకేమన్నయితే ఎట్ల మేడం?"

ఆమె దాచలేదు. ఊరంతా గాలించినా అలాంటివాళ్లు అతనితో కలిపి నలుగురే దొరికారు. మిగతా ముగ్గురి పేర్లూ నంబర్లూ రాసిచ్చి వెళ్లింది.

ఇక భయం షురూ అయింది. సదాశివ స్కూటర్ అమ్మేశాడు. చిలకలగూడలోని ఇంటి నుంచి దుకాణానికి నడిచే వెళ్లేవాడు, పదిమంది పోగయితే తప్ప రోడ్డు దాటేవాడు కాదు. రేకు అంచు గీసుకుని వేలు తెగితే చాలు, ముచ్చెమటలు పోసేవి. భార్య కమలాబాయి కూరగాయలు కోస్తుంటే అవతలి గదిలోకి పోయేవాడు. "కత్తి నా చేతుల ఉంటే నీకేంది పరేషాన్?" అని ఆమె మొదట్లో నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. పండగపూట ఆ ముగ్గురికీ తప్పకుండా మెసేజ్ పెట్టేవాడు మహానుభావుడు. వాళ్ల క్షేమం కోరి కాదు, ఊళ్లో ఉన్నారో లేదో తెలుసుకోవడానికి.

ఈ ఏడు అతని పిత్తాశయంలో రాళ్లు బయటపడ్డాయి. ఆపరేషన్‌లో రక్తం కావలసివస్తే ఆ ముగ్గురిది తప్ప ఇంకెవరిదీ పనికిరాదు కాబట్టి, కల్పలత సలహా మీద మూడు వారాల ముందే అతని రక్తాన్నే ఒక సంచీ తీసి బ్లడ్ బ్యాంకులో దాచారు. సంచీ మీద అతని పేరు రాశారు. ఆ సంచీ అక్కడ ఉందన్న ధైర్యంతోనే సోమవారం ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం కల్పలత ఫోన్ చేసింది. నలుగురిలో ఒకరైన దేవిశ్రీకి పొద్దున కాన్పయింది. బిడ్డ బాగుంది, తల్లికి రక్తం ఆగడం లేదు. ఆమె కోసం ఇంకొకాయన పోయిన వారం ఇచ్చిన సంచీ ఎక్కించేశారు. నాలుగో ఆయన కామెర్లతో మంచంలో ఉన్నాడు.

"మీ సంచీ అడుగుతున్న సదాశివగారూ. బలవంతం లేదు. మీరు సంతకం పెడితేనే."

మళ్లీ చేస్తానని అతను ఫోన్ పెట్టేశాడు. విషయం విన్న కమలాబాయి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇయ్యకు. రాత్రికి రాత్రి నొప్పి లేసి కొయ్యాల్సొస్తే? నేనేం గావాలె?"

అదే భయం అతనిదీ. కానీ కూర్చున్నచోటే ఇంకో ఆలోచన వచ్చింది. కడుపుతో ఉన్న ఆ పిల్ల తొమ్మిది నెలలూ ఎలా గడిపి ఉంటుంది? మెట్లు దిగేటప్పుడు ఎన్నిసార్లు గోడ పట్టుకుని ఉంటుంది?

"ఆమె సుత నా లెక్కనే భయపడ్డది కమలా," అని లేచి ఆటో పిలిచాడు. దారి పొడుగునా కళ్లు మూసుకునే కూర్చున్నాడు.

బ్లడ్ బ్యాంకులో సంతకం పెట్టేటప్పుడు పేరు తప్పు పడి, కొట్టేసి మళ్లీ రాయాల్సొచ్చింది. సంచీ వెళ్లిపోయింది. ఆపరేషన్ వాయిదా పడింది. బ్లడ్ బ్యాంకు బయట బెంచీ మీదే రెండు గంటలకు పైగా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

చివరికి కల్పలత వచ్చింది. "రక్తం ఆగింది. గండం గడిచింది," అంది. "ఆమెకేమన్న చెప్పమంటారా?"

సదాశివ కళ్లు తుడుచుకున్నాడు.

"జెర పైలంగ ఉండమనుండ్రి మేడం. నా దగ్గర ఇంకోటి లేదు."