పాత పేరుతో అడిగిన తల్లి

మొన్న సోమవారం ఉదయం పొద్దెక్కినా పక్కింటి తలుపుకు పాల ప్యాకెట్ వేలాడుతూనే ఉంది. మా అమ్మ లోపలికి వెళ్లి చూసి, బయటికొచ్చి నా చేయి పట్టుకుంది. మేమంతా అమ్మమ్మ అని పిలిచే ఆ ముసలామె నిద్రలోనే పోయింది.

మంథనిలో మా గోడను ఆనుకునే ఆమె రేకుల గది. ఆమెకు చదువు రాదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక నేను బైబిలు చదివితే వినేది. నలుగురిలో నోరు విప్పని నేను ఆమె దగ్గర గంటలు చదివేదాన్ని.

"ఏందే బిడ్డా, పుస్తకం పట్టుకుంటెనే నోరు లేస్తదా నీకు?" అని ఎక్కిరించేది. ఉడకబెట్టిన పల్లికాయలు ఒలిచి మంచివి నాకు పెట్టి, పుచ్చినవి తాను తినేది.

పోయిన వానాకాలం ఒక ఇంగ్లిష్ నవల చదువుతూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. అమెరికాలో ఒక నల్లజాతి బానిస తల్లి కథ. యజమాని ఆమె చిన్న కూతుర్ని దూరపు పత్తి తోటకు అమ్మేస్తాడు. అక్కడివాళ్లు పిల్లకు వేరే పేరు పెడతారు.

అమ్మమ్మ ఒలవడం ఆపింది. "పేరు మార్చిండ్రా? మరి తల్లి ఏమని అడుగుతదే?"

అప్పుడు తన కథ చెప్పింది. వయసులో ఉన్నప్పుడు ఆమె దొర గడీలో, ఆ కోటలాంటి ఇంట్లో, పనిమనిషి. దొర బిడ్డకు పెళ్లయితే, అత్తగారింట్లో జీవితాంతం చాకిరీకి ఒక ఆడపిల్లను వెంట పంపేవారు. అలాంటి పిల్లను ఆడబాప అనేవారు. అలా ఆమె కూతురు లచ్చవ్వను పాలపళ్లు ఊడకముందే భైంసా దిక్కు పంపేశారు.

"ఇయ్యనని అన వశమా? మమ్ములను అడిగిందెవరు?"

ఆ దిక్కు జనం మొక్కులకు వస్తారని కొండగట్టు గుడికి నడిచిపోయి, మెట్ల దగ్గర నిలబడి అడిగేదట, దొర బిడ్డ అత్తగారి గడీలో లచ్చవ్వ అనే పిల్ల ఉన్నదా అని. లేదనేవారు. చచ్చిపోయిందనుకొని ఏడ్చింది. ఏళ్లు గడిచాక ఎవరో అసలు సంగతి చెప్పారు.

"గా ఇంట్ల అత్త పేరు లక్ష్మట. పెద్దామె పేరుతోని పనిపిల్లను పిలుస్తరా? మార్చిండ్రట. నేనేమో పాత పేరుతోనే అడుక్కుంట తిరిగిన."

కొత్త పేరు ఆ చెప్పినామెకు గుర్తులేదు. అప్పటికి గడీ ఖాళీ అయింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నవలలోని తల్లి గురించి అమ్మమ్మది ఒకటే మాట. "దొరికిందా పిల్ల?"

"ఇంకా వెతుకుతోంది, అమ్మమ్మా."

"ఎతకనీ. దొరికినంకనే చెప్పు నాకు."

సమాధి దగ్గర పాస్టరుగారు, "పిల్లలెవరన్న ఉన్నరా?" అని అడిగారు. "ఎవ్వల్లేరయ్యా" అన్నారెవరో.

"ఒక బిడ్డ ఉన్నది" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. "పేరు లచ్చవ్వ."

పాస్టరుగారు ప్రార్థనలో ఆ పేరు పలికారు. వాన తడికి ముద్దలైన మట్టి తీసి అందరం వేశాం.

ఆ నవల నేను పోయిన వానాకాలంలోనే పూర్తి చేశాను. తల్లికి బిడ్డ దొరకదు.