బాపు ఉల్టా కట్టిన చిలకల పరదా

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్నే బాపు సైకిల్ ముందు కడ్డీ మీద ఎక్కి కూర్చునేదాన్ని. పాత సామాన్ల బజారుకు ప్రయాణం! మగ్గం పని కోసం ఊరు వదిలి సూరత్ వచ్చిన మాకు ఖటోదరాలో ఒకటే గది, వెనక చిన్న వంటిల్లు. ఆ ఇంటి సింగారం సగం ఆ బజారు నుంచి, సగం బాపు పనిచేసే మరమగ్గాల కార్ఖానా నుంచి వచ్చేది.

మరమగ్గాన్ని మేము సాంచె అంటాం. దారం అయిపోయిన రంగురంగుల కండెలు గుచ్చి అమ్మ గుమ్మానికి తోరణం కట్టింది. చీరల డిజైన్ కోసం బెజ్జాలు కొట్టిన అట్టలు పాతబడితే పారేసేవారు కదా... వాటిని గుండ్రంగా కుట్టి బల్బుకు తొడిగింది. స్విచ్ వేస్తే గోడల నిండా వెలుగు చుక్కలు. ఇంట్లో ఒక్క వస్తువూ కొత్తది కాదు. అయినా వచ్చినవాళ్ళు ముందు మా గోడలే చూసేవారు. నాకెంత గొప్పో!

ఓ ఆదివారం బజార్లో బాపు పాత బట్టల కుప్ప ముందు ఆగిపోయాడు. అందులోంచి ఒక చీర లాగాడు. దాని నిండా పచ్చ చిలకలు. బాపు మాత్రం చిలకలను చూడనే లేదు... చీరను తిరగేసి, వెనక వైపు వేలితో తడుముకుంటూ పోయాడు. ఒకచోట వేలు ఆగింది.

"గిది నేను నేసిందే బిడ్డా!"

నాకు నవ్వొచ్చింది. సూరత్‌లో చీరలకేం కొదవ! "నీకెట్ల ఎరుక బాపూ?" అన్నాను.

"గీ చిలకల అట్టలు నా సాంచెకే ఎక్కిచ్చిన్రు. గిక్కడ ముక్కు కాడ పోగు తెగితె ముడేసిన, సూడు. జోడు ముడి. కార్ఖానల గిట్ల నేనొక్కన్నే ఏస్త."

చీర ఇంటికొచ్చింది. అమ్మ సగానికి కోసి అంచు కుట్టింది. గదికీ వంటింటికీ మధ్య పరదా అయింది. బాపే కట్టాడు... చిలకలు వంటింటి వైపు, దారాల చిక్కు గది వైపు.

"ఉల్టా కట్టినవ్ జర సూడు," అంది అమ్మ.

"గట్లనే ఉండనియ్," అన్నాడు.

పని నుంచి వచ్చి చాయ్ తాగుతూ బాపు ఆ చిక్కునే చూస్తూ కూర్చునేవాడు. అందులో ఏముందా అని నాకు ఒకటే ఆరాటం. వంటింట్లోకి వెళ్ళి చిలకను చూసి, పరుగున గదిలోకి వచ్చి దాని వెనక వైపు చూసేదాన్ని. రెక్క ఇక్కడైతే తోక ఎక్కడ? ఒక్కసారీ దొరికేది కాదు.

చివరికి అడిగేశాను. "సాంచె మీద గీ చీరలు బోర్లనే నేస్తం బిడ్డా," అన్నాడు. "నాకు కనవడేది గీ దిక్కే. ముంగటి దిక్కు కొనేటోళ్ళు సూస్తరు."

అప్పటికి సరేనన్నాను కానీ, మా క్లాసు గుజరాతీ పిల్ల హేతల్ మొదటిసారి ఇంటికి వస్తానన్న రోజు నాకు గుబులు పట్టుకుంది. ఉల్టా పరదా చూసి నవ్వితే? స్టూలు ఎక్కి, విప్పి, చిలకలు గదిలోకి కనిపించేలా కట్టాను. కడుతుంటే వెనక ఒక దారం కొస వేలాడుతూ కనిపించింది.

అమ్మ ఇంట్లో ధాగా కటింగ్ చేసేది. అంటే కార్ఖానా చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని. బడి అయ్యాక నేనూ ఓ చిన్న కత్తెర పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. వేలాడే దారం కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు... కచ్‌మని కత్తిరించేశాను. పోగు వెనక్కి జారిపోయింది. చిలక ముక్కు దగ్గర సన్నటి సందు పడింది. అప్పుడు తెలిసింది, అది బాపు ముడి అని.

హేతల్ వచ్చింది. కండెల తోరణం చూసింది, బెజ్జాల బల్బు చూసింది. ఆ తర్వాత పరదా ఎత్తి వెనక వైపు చూస్తూ నిలబడిపోయింది! "పాఛళ్ ఆవుం హోయ్?" అంది... వెనక ఇలా ఉంటుందా అని. చిలకల వైపు తిరిగి కూడా చూడలేదు. ఎందుకు తిప్పానా అని ఏడుపొచ్చింది.

సాయంత్రం బాపు వచ్చాడు. గదిలోకి వచ్చిన చిలకలను కాసేపు చూసి, పరదా తిరగేసి వేలితో తడిమాడు. వేలు ఆగలేదు. మళ్ళీ మొదటి నుంచి తడిమాడు. ఇక ఆపుకోలేక ఏడుస్తూ అంతా చెప్పేశాను.

బాపు తిట్టలేదు. "దారం కోసుడు మీయమ్మ నేర్పింది. ముడేసుడు నేను నేర్పలే," అన్నాడు. సూది, పచ్చ దారం తెచ్చాడు. సందులోకి పోగు దూర్చి, రెండు కొసలూ నా వేళ్ళ మధ్య పెట్టి జోడు ముడి చూపించాడు. ఎన్నిసార్లు జారిపోయిందో... ఎట్టకేలకు నిలిచింది. లావుగా, వంకరగా మిరియం గింజంత ముడి! పరదాను మళ్ళీ ఉల్టా కట్టాడు. ఈసారి స్టూలు నేనే పట్టుకున్నాను.

ఇప్పుడు మాది పల్సానా రోడ్డు వైపు ఫ్లాటు. ఫోన్లో నొక్కితే పరదాలు గుమ్మం ముందుకొస్తున్నాయి... రెండు వైపులా ఒకేలా ఉంటున్నాయి, తిరగేసి చూడటానికేమీ ఉండటం లేదు. కిటికీలన్నిటికీ అవే కొన్నాను. వంటింటి గుమ్మానికి మాత్రం ఆ చిలకలదే వేలాడుతోంది, ఉల్టాగానే.

బాపు సాంచె మానేసి చాలా కాలమైంది, చూపు కూడా తగ్గింది. చాయ్ తాగుతూ ఇప్పటికీ ఆ పరదాను తడుముతాడు. నా వంకర ముడి దగ్గర వేలు ఆగుతుంది. ఎవరైనా చుట్టాలొస్తే పిలిచి మరీ చూపిస్తాడు. "చీర నేను నేసిందే" అనడు... "గిది నా బిడ్డ ఏసింది" అంటాడు.

మీ ఇంట్లో కూడా ఏదో ఒక పాత వస్తువు ఉండే ఉంటుంది... ఒకసారి తిరగేసి చూడండి. వెనక ఎవరి చెయ్యి కనిపించిందో నాకూ చెప్పరూ...