హార్మోన్ దానం చేస్తానన్న పసుపు వ్యాపారి

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లో, నన్ను నాంపల్లిలోని ఒక దవాఖానకు రక్త పరీక్షల విభాగం అధిపతిగా పంపారు. పాథాలజిస్టును, నాకు రోగులతో కంటే వాళ్ల రక్తంతోనే పరిచయం ఎక్కువ. నేను చేరిన వారం మాత్రం ఒక రోగి నన్ను నా గదిలోంచి వార్డుకు లాగాడు.

ఆయన పేరు నర్సింగ్‌రావు, ఉస్మాన్‌గంజ్‌లో పసుపు టోకు వ్యాపారి. నెత్తురు కారకుండా ఆపే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి చేరాడు. పక్క మంచం మీద హిమాయత్‌నగర్ లెక్చరరు. ఆయన కౌంటూ అంతే తక్కువ. ఇద్దరికీ థ్రాంబోపోయిటిన్ పరీక్ష చేయించాం. ప్లేట్‌లెట్లు తయారు చేయమని ఎముకల్లోని మూలుగను పురమాయించే హార్మోన్ అది. లెక్చరరుకు దాదాపు మామూలుగానే ఉంది. నర్సింగ్‌రావు రిపోర్టులో 'ఎక్కువ' అని లావు అక్షరాలతో అచ్చయింది.

ఆయన ఆ కాగితం వార్డంతా చూపించాడు. ఆబిడ్స్ నుంచి మిఠాయి తెప్పించి పంచాడు. నడుము ఎముకలోంచి మూలుగ తీసి చూడాలంటే మూడు రోజులు ససేమిరా అన్నాడు. చివరికి నేనే వెళ్లాను.

"నాకేంది సార్, దండిగున్నది. పాపం, ఈ సార్‌కే తక్కువున్నది. నా దాంట్లకెల్లి జర తీసి ఆయనకియ్యుండ్రి" అన్నాడు. లెక్చరరు కళ్లు చెమర్చి దండం పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. ఇద్దరిలో ప్రాణం మీదికి వచ్చింది ఈ దాతకేనని నా అనుమానం.

కుర్చీ లాక్కుని పాఠం మొదలుపెట్టాను. కాలేయం ఈ హార్మోన్‌ను ఇంచుమించు ఒకే జోరుతో తయారు చేస్తుంటుంది. ప్లేట్‌లెట్లు, వాటిని కనే తల్లి కణాలు దాన్ని పట్టుకుని వాడేస్తాయి. లెక్చరరుది ఐటీపీ అనే జబ్బు. మూలుగ పనిచేస్తూనే ఉంటుంది, పుట్టిన ప్లేట్‌లెట్లను ఒంట్లోని రక్షణ వ్యవస్థే చంపేస్తుంది. చచ్చేలోపు అవి తమ వంతు హార్మోన్ లాగేసుకుంటాయి కనుక అది పేరుకోదు. మూలుగే ఎండిపోయే అప్లాస్టిక్ అనీమియాలో తల్లి కణాలే ఉండవు, హార్మోన్ రక్తంలో మిగిలిపోతుంది. పావుగంట చెప్పాను.

"మిగిలింది గద సార్, ఇయ్యుండ్రి" అన్నాడు.

అప్పటిదాకా బత్తాయి ఒలుస్తున్న ఆయన భార్య లక్ష్మీబాయి తలెత్తకుండానే అడిగింది. "పోయినేడు మన గోదాం నిండ పసుపు ఉండె. మిఠాయి పంచినవా?"

"కొనేటోళ్లే రాకపాయె. ఏం పంచుత?"

"సార్ గదే చెప్తున్నడు."

నేను ఆ మాట చెప్పలేదు. అయినా పెద్దమనిషిలా తలూపాను. నర్సింగ్‌రావు కాసేపు ఆ కాగితం చూసి, మడిచి, మూలుగ తీసే సూది ఎప్పుడు వేస్తారని అడిగాడు.

మర్నాడు మూలుగ తీశారు, స్లైడు నేనే చూశాను. కణాలుండాల్సిన చోట కొవ్వు. తల్లి కణం ఒక్కటీ దొరకలేదు. ఆ వారమే మందులు మొదలయ్యాయి. లెక్చరరు మాత్రలతో తేరుకుని తొందరగా ఇంటికెళ్లాడు. నర్సింగ్‌రావుకు చాలా నెలలు పట్టింది, కానీ కోలుకున్నాడు.

హార్మోన్ ఎంత ఉందన్నది సగం సమాచారమే; దాన్ని వాడుకునే కణాలు ఉన్నాయా లేవా అన్నది మిగతా సగం. హార్మోన్ ఎక్కువ ఉందంటే ఆ కణాలు లేవేమోనని అనుమానించాలని నాకు తెలుసు, రిపోర్టు మీద రాయలేదు. ఆయన పోగొట్టుకున్న మూడు రోజులూ నేను రాయని ఆ ఒక్క వాక్యం వల్లే.