పేర్ల పుస్తకం పెట్టి టేబుల్ పట్టుకున్న రోజు

నిన్న పొద్దున కాఫీ కప్పు చేత్తో పట్టుకుని ఫోన్ తెరిస్తే, ఎప్పుడో కళ్ళద్దాలు చేయించుకున్న దుకాణం నుంచి ఒక మెయిలు వచ్చి ఉంది. నా పేరూ, ఫోన్ నంబరూ, పుట్టిన తేదీ ఎవరో బయటివాళ్ళ చేతుల్లో పడి ఉండవచ్చనీ, అందుకు చాలా విచారిస్తున్నామనీ దాని సారాంశం. ఎవరు విచారిస్తున్నారో చూద్దామని కిందిదాకా వెళ్ళాను. సంతకం లేదు, ఈ చిరునామాకు జవాబు రాయవద్దన్న మాట మాత్రం ఉంది. మా అమ్మాయి నా భుజం మీంచి తొంగిచూసి, "అయ్యో మా, ఎవ్రీబడీ ఆల్సో గెట్ వన్ లా, డిలీట్ చేసెయ్" అని తేల్చేసి ట్రైనుకు పరిగెత్తింది. నేను మాత్రం డిలీట్ చేయలేకపోయాను. ఒకప్పుడు అలాంటి మాట చెప్పడానికి నేను ఊరంతా కాళ్ళరిగేలా తిరిగాను మరి!

మాది మలేషియాలో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో మా తెలుగుకు కాస్త అరవమూ కాస్త మలాయూ అంటుకుని ఉండేవి. చదువు కాగానే సింగపూరు వచ్చి హౌగాంగ్‌లో మా పిన్నిగారి ఫ్లాటులో దిగి, ఒక ప్రొఫెసర్ గారి దగ్గర పరిశోధనలో సహాయకురాలిగా చేరాను. కంప్యూటర్లను జనం ఎంతవరకు నమ్ముతారు, తమ పాస్‌వర్డు ఎవరెవరికి చెబుతారు అన్నది ఆయన పరిశోధన. మా అమ్మకు అదేమిటో ఎన్నిసార్లు చెప్పినా బోధపడక, మా ఊళ్ళో అందరికీ నేను కంప్యూటర్లకు డాక్టరునని చెప్పేసింది. తలనొప్పికి మందు అడగడానికి ఒకావిడ ఫోన్ కూడా చేసింది. నవ్వుకునేవాళ్ళం గానీ, ఆ ఉద్యోగం పోతే ఇక్కడ ఉండడానికి పర్మిటూ పోతుందని నాకు తెలుసు.

నా పనల్లా మనుషుల దగ్గరికి వెళ్ళి ప్రశ్నలు అడగడం. రాఫెల్స్ ప్లేస్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు కొందరు, ఆదివారం పూట లిటిల్ ఇండియాకు వచ్చే మన షిప్‌యార్డు పనివాళ్ళు కొందరు. జవాబులు ఒక పుస్తకంలో, పేరు లేకుండా, అంకె వేసి రాసేదాన్ని. ఏ అంకె ఎవరిదో ఇంకో చిన్న నీలం పుస్తకంలో ఉండేది. ఆ నీలం పుస్తకం స్థానం ప్రొఫెసర్ గారి ఇనప బీరువా. ప్రతివాళ్ళ ముఖంలోకీ చూసి, మీ పేరు మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదని మాట ఇచ్చాకే ప్రశ్నలు మొదలుపెట్టేదాన్ని. మాట ఇవ్వడం ఎంత తేలికగా ఉండేదో ఆ వయసులో!

ఒక రోజు రాఫెల్స్ ప్లేస్‌లో కొందరిని రెండోసారి కలవవలసి వచ్చింది. ఎవరు ఏ అంకో చూసుకోవడానికి మాటిమాటికీ బీరువా దగ్గరికి ఏం వెళతాంలే అని నీలం పుస్తకాన్ని సంచిలో వేసుకుని బయల్దేరాను. మధ్యాహ్నం నేను రోజూ తినే హాకర్ సెంటర్‌లో, అదే తిండి కొట్లన్నీ ఒక కప్పు కింద ఉండే చోట, ఇసుక వేస్తే రాలనంత జనం. ఇక్కడ టేబుల్ ముందే పట్టుకోవడాన్ని చోప్ చేయడమంటారు, ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళితే చాలు, ఎంత పెద్ద ఆఫీసరైనా ఆ కుర్చీ జోలికి రాడు. నేనూ ప్యాకెట్ పెట్టాను. పైన ఫ్యాను గిరగిరా తిరుగుతూ దాన్ని కిందికి తోసేసింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తోసింది. ఆకలి మీద ఉన్నానేమో, బరువుగా ఉంటుందని సంచిలోంచి ఏదో పుస్తకం తీసి దాని మీద పెట్టి మీ గోరెంగ్ అనే వేయించిన నూడుల్స్ కోసం వరుసలో నిలబడ్డాను. అది నీలం పుస్తకమని నా చేతికి తెలుసు, నా బుర్రకు తెలియలేదు.

పళ్ళెంతో తిరిగొచ్చేసరికి ఆ టేబుల్ దగ్గర ముగ్గురు మగవాళ్ళు తాపీగా తింటున్నారు. ప్యాకెట్ లేదు, పుస్తకం లేదు. ముప్ఫై మంది పేర్లు! వాళ్ళ అంతరంగాలు రాసిన పుస్తకమేమో నా సంచిలోనే ఉంది, కానీ మాట పోయినట్టే కదా. అడిగితే, తాము వచ్చేసరికి టేబుల్ ఖాళీగా ఉందని, క్లీనింగ్ ఆంటీని అడగమని చెప్పారు.

ఆ ఆంటీ చీనా ఆవిడ, రోజూ నా ఎంగిలి పళ్ళెం తీసే మనిషే గానీ ఒక్కనాడూ పలకరించిన పాపాన పోలేదు. బండి కింద అరలో ప్లాస్టిక్ సంచిలో ముడివేసి దాచింది నా పుస్తకాన్ని. ప్రాణం లేచొచ్చి చెయ్యి చాపితే, ఆవిడ సంచి వెనక్కి లాక్కుని, నీదేనని నాకెలా తెలుస్తుందని మలాయ్‌లో నిలదీసింది. తెరిచి చూడమన్నాను. ఆవిడకు కోపం వచ్చింది. ఇంకొకరి పుస్తకం తానెందుకు తెరుస్తుందట? కాసేపు నన్ను ఎగాదిగా చూసి, రోజూ నీ పళ్ళెంలో ఏం వదిలేస్తావో చెప్పమంది. నేను సిగ్గుపడుతూ మొలకలు అన్నాను. మీ గోరెంగ్‌లో పెసర మొలకలు నాకు సయించవు, అన్నీ ఏరి ఒక పక్కకు నెట్టేస్తాను. ఆవిడ తల ఊపి, మొలకలు ఒంటికెంత మంచివో చెప్పి నాలుగు చీవాట్లు పెట్టి, అప్పుడు పుస్తకం ఇచ్చింది.

ఎవరూ చూడలేదు, ఎవరికీ తెలియదు. నేను నోరు మూసుకుంటే అక్కడితో సరి. కానీ మాట ఇచ్చింది నేను. మర్నాడు ప్రొఫెసర్ గారికి అంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు, అందుకే ఇంకా భయమేసింది. ప్రతివాళ్ళ దగ్గరికీ నువ్వే వెళ్ళి, జరిగింది చెప్పి, ఇష్టం లేనివాళ్ళ జవాబులు కొట్టేసి రా, నీ ఉద్యోగం సంగతి తరవాత చూద్దాం అన్నారు.

బయల్దేరాను. ఆఫీసులవాళ్ళు చాలామంది నెవర్‌మైండ్ లా అని నవ్వేశారు, ఇద్దరు మాత్రం మొహం మాడ్చుకుని పేరు కొట్టేయించుకున్నారు. ఆదివారం లిటిల్ ఇండియాలో, నేను శ్రీకాకుళం బాబాయి అని పిలిచే ఆయన దగ్గరికి వెళ్ళాను. షిప్‌యార్డులో వెల్డింగ్ చేసేవాడు, నా కంటే ఇరవై ఏళ్ళు పెద్ద. తలవంచుకుని చెప్పుకుపోతుంటే ఆయన టీ తాగడం ఆపి విన్నాడు. అంతా అయ్యాక, "ఇది సెప్పడానికి ఇంత దూరమొచ్చినావేటి తల్లీ?" అన్నాడు. తరవాత అటూ ఇటూ చూసి, "మరి నానూ ఒకటి సెప్పాల. ఆ రోజు నీకు అబద్ధం సెప్పేను" అన్నాడు.

పాస్‌వర్డు ఎవరికీ తెలియదని రాయించాడు కదా, నిజానికి వాళ్ళ గదిలో ఎనిమిది మందికీ కలిపి ఒకటే మెయిలు ఖాతా, ఒకటే పాస్‌వర్డట! ఇంటర్నెట్ షాపుకు ఎవరు వెళ్ళినా అందరి ఉత్తరాలూ కనబడతాయి. "పైన పేరు సూత్తాం. మనది కాపోతే ముట్టుకోం, అంతే" అన్నాడు. ఒకసారి గదిలో ఒకాయన భార్యకు నెలలు నిండినప్పుడు ఆయన పేరుతో ఉత్తరం వచ్చిందట. ఆయన ఓవర్‌టైములో ఉన్నాడు. మిగతా ఏడుగురూ రెండు రోజులు తిండి సయించక తిరిగారే గానీ ఒక్కడూ దాన్ని తెరవలేదట. ఆయన వచ్చి చదివి ఆడపిల్ల అని అరిస్తే షాపు షాపంతా ఉలిక్కిపడిందట. ఇదంతా చెబితే మెయిలు మూయించేస్తామేమోనని మొదట దాచాడు. పొరపాటు ఒప్పుకోవడానికి వచ్చిన మనిషికి అబద్ధం ఎలా చెప్పనని ఇప్పుడు బయటపెట్టాడు.

ఆ మాట ప్రొఫెసర్ గారికి చెబితే ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. అందరినీ మళ్ళీ మొదటినుంచి అడగమన్నారు. అడిగితే ఎంతమంది జవాబులు మార్చారో! నా ఉద్యోగం మాటేమిటని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆపై సోమవారం వచ్చి చూస్తే నా బల్ల మీద ఇనప బీరువా తాళంచెవి, దాని పక్కన డజను టిష్యూ ప్యాకెట్లు. జవాబు అదేనని అర్థమై పడీ పడీ నవ్వాను.

ఇప్పుడు నా ఫోన్‌కు నా ముఖం తెలుసు, వేలిముద్ర తెలుసు. హాకర్ సెంటర్లలో తిన్న పళ్ళేలు మనమే తీసుకెళ్ళి పెట్టేస్తున్నాం, నేను మొలకలు వదిలేస్తానని ఎవరికీ తెలిసే వీలు లేదు. అందులో మంచి లేదని అనను; అప్పటికంటే ఇప్పుడు తాళాలు గట్టివి. కానీ ఆ కళ్ళద్దాల దుకాణంవాళ్ళు ఎవరో ఒక పిల్లని మా ఇంటికి పంపి ఉంటే ఎంత బాగుండేది! గేటు దగ్గర నిలబడి చేతులు నలుపుకుంటూ, పొరపాటైపోయింది ఆంటీ అంటే, లోపలికి పిలిచి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేదాన్ని. ఆ పిల్ల కాస్త కుదుటపడ్డాక, వాళ్ళ ఫారంలో వయసు మూడేళ్ళు తగ్గేలా నా పుట్టిన తేదీ మార్చి రాశానని నేనూ ఒప్పేసుకునేదాన్ని.