రాచకొండ కోట మీద చుక్కలు

నిన్న కరెంటు పోతే, దిల్‌సుఖ్‌నగర్ల నా హాస్టల్ రూం కిటికీలకెళ్లి ఒక్క చుక్క కనవడ్డది. ఆరేండ్ల సంది గీ రూంలనే సర్కారు నౌకరీకి సదువుతున్న.

దోస్తులు, తెలంగాణ బంద్‌లు యాదికున్నయా? నేనప్పుడు చిన్నపిల్లను. తాతతోని రాచకొండ కోట చూడవోయిన. ఎనుకకు వద్దామంటే, పొద్దుగాల నడిచిన బస్సులు బంద్‌తోని ఆగినయ్. చీకట్ల కోట గోడ కాడనే ఇరుక్కున్నం. ఇంటికి పోదమని నేను ఒకటే ఏడుపు.

తాత పోచంపల్లిల చీరెలు నేస్తుండె. ఆకాశం నిండ చుక్కలు చూపిచ్చిండు.

"నూలుకు రబ్బరు ముడి కట్టి రంగుల ముంచుతం గద బిడ్డా. కట్టిన కాడ రంగు ఎక్కదు, తెల్లగనే ఉంటది. గా చుక్కలు గట్లనే."

"మరి ముడి ఎప్పుడు ఇప్పుతవ్ తాతా?"

"రంగు ఆరినంక."

తెలంగాణ వచ్చింది, రంగు ఎప్పుడో ఆరింది తాతా. నా నౌకరీ ముడి ఇప్పేతందుకే ఎవ్వలూ రాలే.